గాలి ఎక్కువైతే బలం వస్తుందా? చిన్న బండ్ల ఎయిర్ ఫిల్టర్ మార్పులపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు కె.ఆర్.పురంలోని మా వర్క్‌షాపుకు వచ్చేవారిలో తెలుగు కుర్రాళ్లు చాలామంది. హిందూపురం నుంచి, మదనపల్లె నుంచి, నెల్లూరు నుంచి ఉద్యోగానికి వస్తూ బండిని కూడా వెంట తెచ్చుకున్నవాళ్లు. ఎక్కువగా 125, 150 సీసీ బండ్లు. "అన్నా, జె.సి. రోడ్డులో కోన్ ఫిల్టర్ కొన్నాను, బిగించి పెట్టు" అని నెలకు ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. కంపెనీ ఫిల్టర్ డబ్బా తీసేసి దాని చోట పెట్టే శంకు ఆకారపు ఫిల్టర్ అది. బిగించడం పది నిమిషాల పని. ఆ తర్వాత ఇంజన్ లోపల ఏం జరుగుతుందో తెలియక మంచి బండ్లు పాడైపోతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: ఫిల్టర్ అడ్డు తొలగిస్తే గాలి ఎక్కువ అందుతుంది, బలం పెరుగుతుంది.

వాస్తవం: గాలి ఒక్కటే పెరిగితే బలం రాదు, దానికి తగ్గ పెట్రోలు కూడా అందాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంజన్ తన పూర్తి శక్తి చూపించాలంటే మిశ్రమం ఇంకాస్త చిక్కగా, సుమారు 12.5 నుంచి 13 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు చొప్పున ఉండాలి. గాలిని, పెట్రోలును కలిపే కార్బురేటర్ ఉన్న బండిలో ఈ కొలతను నిలిపేది జెట్టుకు, అంటే పెట్రోలు వచ్చే చిన్న గొట్టానికి ఉన్న సన్నటి రంధ్రం. ఆ రంధ్రం ఎంత ఉండాలో కంపెనీవారు నిర్ణయించేటప్పుడు ఫిల్టర్ పెట్టే అడ్డును కూడా లెక్క వేసుకుంటారు. ఆ అడ్డు వల్ల కార్బురేటర్ గొంతులో పీల్పు కాస్త ఎక్కువగా ఉంటుంది, పెట్రోలు అంత మేరకు పైకి లేస్తుంది. అడ్డు తీసేస్తే పీల్పు తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది. జెట్టు మార్చకుండా కోన్ ఫిల్టర్ బిగించడమంటే బియ్యం పెంచకుండా ఎసరు మాత్రం పెంచడమే.

ఇంకొక సంగతి. 150 సీసీ ఇంజన్ 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి 8,000 చుట్లు) దగ్గర, రెండు చుట్లకు ఒకసారి చొప్పున నిమిషానికి 4,000 సార్లు గాలి పీలుస్తుంది. సిలిండర్ ప్రతిసారీ పూర్తిగా నిండిందనుకున్నా అది 600 లీటర్లు. మంచి స్థితిలో ఉన్న కంపెనీ ఫిల్టర్ ఆ గాలిని హాయిగా అందించగలదు. పైగా టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గరి రద్దీలో యాక్సిలరేటర్‌ను పావు వంతుకు మించి తిప్పే అవకాశం ఎక్కడిది? అప్పుడు గాలికి అసలైన అడ్డు చాలావరకు మూసి ఉన్న థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్ తిప్పితే తెరుచుకునే గాలి తలుపు. దాని వెనక ఏ ఫిల్టర్ ఉన్నా తేడా తెలియదు.

అపోహ: "నేను బిగించి చూశాను అన్నా, పికప్ నిజంగానే పెరిగింది."

వాస్తవం: ఈ మాట అనేవాళ్లు అబద్ధం చెప్పరు. వాళ్లకు తెలిసిన మార్పు నిజమే, దానికి వాళ్లు చెప్పుకునే కారణమే తప్పు. నెల్లూరు అబ్బాయి ఒకరు 150 సీసీ కార్బురేటర్ బండి తెచ్చుకున్నారు. నెల్లూరు దాదాపు సముద్ర మట్టానికే ఉంటుంది, బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక్కడ గాలి పీడనం అక్కడికంటే దాదాపు 10 శాతం తక్కువ. గాలి పలచబడిన సంగతి కార్బురేటర్‌కు తెలియదు, పెట్రోలును అంత మేరకు తగ్గించదు. అందువల్ల ఇక్కడికి రాగానే మిశ్రమం చిక్కబడుతుంది. దానికి తోడు ఆయన ఫిల్టర్ రెండేళ్లుగా మార్చలేదు, మట్టితో మూసుకుపోయి ఉంది. బండి మందగించింది, ప్లగ్ మసిబారింది. కోన్ ఫిల్టర్ బిగించగానే ఆ చిక్కదనం విరిగి బండి తేలికపడింది. కొత్త కంపెనీ ఫిల్టర్ వేసినా ఆ తేలికదనం చాలావరకు వచ్చేది.

సంక్రాంతికి ఆయన అదే బండిపై ఊరికి బయలుదేరారు. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేసరికి గాలి దట్టమైంది, మిశ్రమం మరీ పలచబడింది. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టప్ టప్‌మని చప్పుడు, తిప్పినప్పుడు తడబాటు, ఇంజన్ విపరీతమైన వేడి. తిరిగి వచ్చాక ప్లగ్ తీస్తే సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. అంత వేడిలో ఇంకొన్ని నెలలు నడిపి ఉంటే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉండేది.

చెవి చేసే మోసం కూడా ఉంది. కంపెనీ ఫిల్టర్ ఉండే డబ్బా, అంటే ఎయిర్ బాక్స్, గాలిని నిలవ ఉంచడంతో పాటు పీల్పు చప్పుడునూ అణచిపెడుతుంది. అది తీసేస్తే ఇంజన్ గర్జిస్తుంది, ఆ గర్జన వేగంలా అనిపిస్తుంది. నిజం తేల్చుకోవాలంటే ఒకే రోడ్డు, ఒకే మనిషి, ఒకే గేరులో 40 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, రెండు ఫిల్టర్లతోనూ, రోడ్డు రెండు దిక్కుల్లోనూ కొలవండి.

అపోహ: ఇంజెక్షన్ బండి అయితే తనంతట తానే సర్దుకుంటుంది.

వాస్తవం: సగం నిజం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నియమాలు రావడంతో చిన్న బండ్లకు కూడా కార్బురేటర్ బదులు పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌ను చూసి ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) పెట్రోలును సరిదిద్దుతుంది. కానీ మామూలుగా ఆ దిద్దుబాటు నెమ్మదిగా నడిపేటప్పుడే. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ ఆ సెన్సర్‌ను పక్కన పెట్టి, కంపెనీ ముందే రాసి ఉంచిన లెక్కనే పాటిస్తుంది. బలం కావాలని మీరు కోరుకునేది సరిగ్గా ఆ సమయంలోనే.

అపోహ: కోన్ ఫిల్టర్ కూడా ఫిల్టరే కదా, దుమ్మును ఆపుతుంది.

వాస్తవం: చవక రకాల్లోని జాలీ ఆకులను, పురుగులను ఆపుతుంది. ఇంజన్‌ను తినేది కంటికి కనపడని సన్నటి ఇసుక. అది సిలిండర్ ఇనుముకంటే గట్టిది. ఔటర్ రింగ్ రోడ్డులో మెట్రో పనుల పక్కన రోజూ నడిచే బండి ఎంత దుమ్ము పీలుస్తుందో ఫిల్టర్ విప్పే మాకు తెలుసు. నెల్లూరు అబ్బాయి బండి కార్బురేటర్ లోపలి గోడపై వేలు పెట్టి తీస్తే సన్నటి పొడి అంటుకుంది. ఆ పొడి పిస్టన్ రింగులను, బోరును (సిలిండర్ లోపలి గోడను) అరగదీస్తుంది. ఆపైన నీలిపొగ, ఆయిల్ తగ్గుదల, చివరికి బోరు పని. పైగా బయటికి తేలి ఉండే కోన్ ఫిల్టర్ ఇంజన్ పక్కనున్న వేడి గాలినే పీలుస్తుంది, వానలో నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి దిగితే నీటినీ పీలుస్తుంది.

అపోహ: పాత ఫిల్టర్‌కు కంప్రెసర్ గాలి కొడితే కొత్తదవుతుంది.

వాస్తవం: కొన్ని బండ్లలో నూనె పట్టించిన కాగితం ఫిల్టర్ ఉంటుంది. దానికి గాలి కొట్టకూడదు, కడగకూడదు, గడువుకు మార్చడమే. మీ బండిది ఏ రకమో మాన్యువల్‌లో ఉంటుంది. దుమ్ము రోడ్లలో తిరిగేవారు చెప్పిన గడువుకంటే ముందే మార్చండి.

పికప్ నిజంగా కావాలనుకునేవారికి నేను చేసే పని వేరు. కొత్త కంపెనీ ఫిల్టర్, ప్లగ్, వాల్వు సందు సరిచూడడం, చైను బిగువు, టైర్లలో గాలి. అప్పటికీ చాలదంటే చైను తిప్పే ముందరి పళ్ల చక్రంలో (స్ప్రాకెట్‌లో) ఒక పన్ను తగ్గిస్తాను. 15 పళ్ల స్థానంలో 14 వేస్తే వెనక చక్రానికి అందే లాగుడు దాదాపు 7 శాతం పెరుగుతుంది. హైవేలో ఇంజన్ అదే వేగానికి ఇంకాస్త ఎక్కువ తిరుగుతుంది, ఆ సంగతి ముందే చెప్తాను. నెల్లూరు అబ్బాయి ఇప్పుడు నడుపుతున్నది ఆ స్ప్రాకెట్‌తోనే. ఆయన కోన్ ఫిల్టర్ మా అరలో ఉంది, అడిగినవాళ్లకు లోపలి జాలీని వెలుతురుకు పట్టి చూపించడానికి.