తడిసిన వోచర్లు, కొత్త బిల్లులు: గ్రాంట్ల తనిఖీపై అపోహలు - వాస్తవాలు

మొన్న రాత్రి పదిన్నరకి ఫోన్. ఒక స్వచ్ఛంద సంస్థలో అకౌంట్స్ చూసే అమ్మాయి. "అక్కా, ఎల్లుండి వెరిఫికేషన్‌కి వస్తున్నారు. రెండు ట్రైనింగుల టిఫిన్ బిల్లులు కనపడటం లేదు. అదే హోటల్లో మళ్లీ రాయించుకొస్తే సరిపోతుంది కదా?"

ఈ పనిలోకి వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న వింటూనే ఉన్నా. తిరుపతి కాలేజీల నుంచి ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన పిల్లలు కూడా మొదటి నెల తిరక్కుండానే ఫోన్ చేస్తారు. "మేడం, అటెండెన్స్ షీట్‌లో నాలుగు సంతకాలు తక్కువయ్యాయట, నన్ను పెట్టేయమంటున్నారు." అడిగేవాళ్లకి చిన్న సాయంలాగే కనిపిస్తుంది. అందుకే మిగతావి తర్వాత, ముందు ఇదే.

అపోహ: ఖర్చు నిజమే కదా, బిల్లు ఎప్పుడు రాస్తే ఏం?

నేను ఇంటర్న్‌గా చేరింది 2022 చివర్లో, ఢిల్లీలో, ఆరోగ్య గ్రాంట్ల ఖర్చులు సరిచూసే ఒక ఆఫీసులో. ఒకరోజు నా టేబుల్ మీదికి మా వైపు సంస్థ ఫైలే వచ్చింది. పేరు, ఊరు చెప్పను. అందులో ఒక టిఫిన్ బిల్లు: ఇడ్లీ, వడ, టీ, 40 మందికి, మొత్తం 3,200 రూపాయలు, తేదీ 2021 అక్టోబర్. కూడిక సరిపోయింది, సంతకం ఉంది. మా సీనియర్ టిక్ పెట్టి పక్కన పెట్టేశారు. నాకు మాత్రం పైన ఎర్రటి అచ్చులో ఉన్న హోటల్ అడ్రస్ దగ్గర చూపు ఆగిపోయింది. చివర్లో "తిరుపతి జిల్లా" అని ఉంది.

తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు మాది చిత్తూరు జిల్లా. 2022 జనవరిలో ఇచ్చిన తొలి నోటిఫికేషన్‌లో కూడా పేరు శ్రీ బాలాజీ జిల్లా అనే ఉంది. 2021 అక్టోబర్‌లో ఏ ప్రెస్సువాడూ "తిరుపతి జిల్లా" అని బిల్లు బుక్కు అచ్చేయడు. ఢిల్లీవాళ్లకి ఇది తట్టదు, ఈ ఊరిదాన్ని కాబట్టి నాకు తట్టింది. చెప్పాను. ఆ సాయంత్రం భుజం తట్టారు కూడా.

తర్వాతి వారం అసలు సంగతి తెలిసింది. ట్రైనింగ్ నిజంగానే జరిగింది. ఫోన్ చేస్తే టిఫిన్ తిన్నామని చాలామంది చెప్పారు. 2021 నవంబర్ వరదల్లో ఆ ఆఫీసులోకి నీళ్లొచ్చి కింది అరలోని వోచర్లన్నీ ముద్దయిపోయాయి. తనిఖీ అనగానే అకౌంటెంట్ భయపడి, ఒక్కో షాపుకీ తిరిగి పాత తేదీలతో బిల్లులు రాయించాడు. ఇవి అసలువేనా అని అడిగితే "అసలువే" అని రాసిచ్చాడు. అక్కడితో వ్యవహారం ఆయన చేతిలోంచి జారిపోయింది. ఆ త్రైమాసికం వోచర్లన్నీ బయటికి తీశారు. ఆయన ఉద్యోగం పోయింది. ఆ బిల్లు పట్టుకున్నది నేనే కాబట్టి ఇప్పటికీ కలుక్కుమంటుంది.

బిల్లు లేకపోతే జరిగేది ఇది: వేరే రుజువు అడుగుతారు. బ్యాంకు స్టేట్‌మెంట్, ఫొటోలు, వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు. సరిపోకపోతే ఆ ఖర్చు కొట్టేస్తారు, ఆ మొత్తం వెనక్కి కట్టాలి. బాధే, కానీ అంతటితో అయిపోతుంది. బిల్లు పుట్టిస్తే మాత్రం అది మోసం కింద లెక్క. ఎయిడ్స్, టీబీ, మలేరియా పనులకి దేశాలకి గ్రాంట్లిచ్చే సంస్థ గ్లోబల్ ఫండ్. దాని ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసులో లెక్కలు చూసే ఆడిట్ విభాగం వేరు, మోసాలు తవ్వే ఇన్వెస్టిగేషన్ విభాగం వేరు. పుట్టించిన కాగితం మీ ఫైలుని మొదటి గది నుంచి రెండో గదికి మోసుకెళ్తుంది. ఇంత కఠినం ఎందుకంటారా? 2011 జనవరిలో ఆ నిధుల దుర్వినియోగం ప్రపంచమంతా పత్రికలకెక్కింది. మాలి దేశంలో ట్రైనింగుల పేరుతో భత్యాలు, బస, ప్రయాణ రసీదుల మీద దొంగ సంతకాలు దొరికాయి. జర్మనీ కొంతకాలం డబ్బు ఆపేసింది. ట్రైనింగ్ ఫైలు కనిపిస్తే మావాళ్లు ఇంకో అర్ధగంట ఎక్కువ చూసేది అందుకే.

మిగతావి గబగబా చెప్పేస్తా.

"ఫారిన్ డబ్బు, అడిగేవాడెవడు?" ముందు, అది పూర్తిగా ఫారిన్ డబ్బే కాదు. గ్లోబల్ ఫండ్‌కి 2019లో మన దేశమే 2.2 కోట్ల డాలర్లు ఇస్తానంది. ఇక అడిగేవాళ్లా? జెనీవా బయట గ్లోబల్ ఫండ్‌కి ఆఫీసుల్లేవు కాబట్టి ప్రతి దేశంలో లోకల్ ఫండ్ ఏజెంట్ అని ఒక స్వతంత్ర సంస్థని పెట్టుకుంటుంది. వాళ్లు అడుగుతారు. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద వచ్చే డబ్బైతే 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు.

"సీఏ చదివితేనే ఇంటర్న్‌గా తీసుకుంటారు." కాదు. టీబీ పేషెంటు ఇంటికెళ్లి, మంచి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు నెలకి వెయ్యి (2024 నవంబర్ ముందు ఐదొందలు) అందిందా అని తెలుగులో కుదురుగా అడగగలిగే నర్సింగ్ అమ్మాయి మాకు చాలాసార్లు ఎక్కువ పనికొస్తుంది.

"ఇంటర్న్ అంటే దొంగల్ని పట్టాలి." వద్దు నాయనా. చూసింది చూసినట్టు రాయండి. "బిల్లు నకిలీ" అని రాయకండి, "బిల్లు మీద జిల్లా పేరు ఇలా ఉంది, తేదీ ఇలా ఉంది" అని రాయండి. తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. సంతకం పెట్టమంటే "నేను చూడని దానికి పెట్టను సార్" అనండి, ఆ రోజే మీ సూపర్‌వైజర్‌కి మెయిల్ పెట్టండి.

"జెనీవా ఇంటర్న్‌షిప్‌కి లక్షన్నర కడితే ఇప్పిస్తారట." ఈ మాటకి నాకు ఒళ్లు మండుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ ఏ దశలోనూ ఫీజు తీసుకోదు. 2020 నుంచి తనే ఇంటర్న్‌లకి స్టైపెండ్ ఇస్తోంది. ఐక్యరాజ్యసమితి సెక్రటేరియట్ స్టైపెండ్ ఇవ్వదు, కానీ ఫీజూ అడగదు. మధ్యలో ఎవరు డబ్బడిగినా ఫోన్ పెట్టేయండి.

ఆ రాత్రి ఫోన్ చేసిన అమ్మాయికి ఇంకో సంస్థ సంగతి చెప్పాను. అవే వరదలు, అదే ఏడాది లెక్కలు. వాళ్ల అకౌంటెంట్ ఒక పెద్దాయన. ఉబ్బిపోయి అట్టలు విడిపోయిన క్యాష్ బుక్కుని ఫ్యాను కింద ఆరబెట్టి, పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చారు. పేజీలు తిప్పుతుంటే బురద వాసన. పైన తెల్లకాగితం మీద తెలుగులోనే రాశారు: ఫలానా రోజు నీళ్లొచ్చాయి, ఫలానా నంబర్ల వోచర్లు పోయాయి, మా దగ్గర మిగిలినవి ఇవి. ఆయన ఖర్చుల్లో రెండు తప్ప అన్నీ ఒప్పుకున్నారు. ఆ రెండింటికీ డబ్బు కట్టేసి, మా అందరికీ టీ చెప్పారు.

"అయితే ఇప్పుడు నేనూ తెల్లకాగితం తీయనా అక్కా?" అంది. తియ్యమన్నాను. పదకొండున్నరకి, రాసినదాన్ని ఫొటో తీసి పంపింది. తేదీ వెయ్యడం మర్చిపోయింది. ఈరోజు తేదీయే వెయ్యమన్నాను.