ఒకటికీ రెండుకీ మధ్య ఎవరుంటారు?

బ్రాడీపేట, గుంటూరు.

పిల్లలూ,

మీ అందరికీ తాతయ్య ఆశీస్సులు. మొన్న మా మనవరాలు విజయవాడ నుంచి ఫోన్ చేసింది. పదో తరగతి చదువుతోంది. వాళ్ల క్లాసులో గోడకి మూలకాల పట్టిక వేలాడదీశారట. మొదటి ఇరవై మూలకాలూ అప్పజెప్పమంటే గడగడా అప్పజెప్పేసింది. కూర్చున్నాక అనుమానం వచ్చింది. "తాతయ్యా, పైవరసలో ఈ మూల హైడ్రోజన్, ఆ మూల హీలియం. మధ్యలో అంతా ఖాళీ. అక్కడ ఇంకా దొరకని మూలకాలు ఉన్నాయా? నేను కనిపెట్టొచ్చా?" అని అడిగింది.

నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో సీసాలు కడిగి, సర్ది, రిటైరైనవాణ్ణి. ఆ పట్టిక ఎదురుగానే నా ఉద్యోగమంతా గడిచింది. "ఇది పరీక్షలో వస్తుందా సార్" అని అడిగిన పిల్లల్ని చాలామందిని చూశాను గానీ, ఆ ఖాళీ సంగతేమిటని అడిగినవాళ్లు తక్కువ. అందుకే దానికి చెప్పిందే మీకూ రాస్తున్నాను.

మీరు బంతి భోజనాలు చూశారో లేదో నాకు తెలీదు. ఇప్పుడు పెళ్లంటే బఫే, ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడటం. మా చిన్నప్పుడు, తెనాలి పక్కన మా ఊళ్లో, పందిరి కింద చాపలు పరిచి, అరిటాకులు వేసి, వరసగా కూర్చోబెట్టేవాళ్లు. ఒక వరస ఒక బంతి. ఎన్ని ఆకులు వేస్తే అంతమందే. బంతి నిండితేనే వడ్డన. నిండాక ఇంకో మనిషి వస్తే, ఎంత దగ్గర చుట్టమైనా సరే, ఇరికించేది లేదు, అవతల కొత్త బంతికి ఆకులు వేయాల్సిందే.

ఆ కొత్త బంతిలో మొదట కూర్చున్నవాడి అవస్థ చూడాలి. మా అమ్మ నన్ను ముందు పంపి చోటు పట్టమనేది. ఎదురు బంతిలో అందరికీ ముద్దపప్పు మీద నెయ్యి పడుతుంటే, నేను ఖాళీ ఆకు మీద నీళ్లు చల్లుకుని అరచేత్తో తుడుచుకుంటూ కూర్చునేవాణ్ణి. గాడిపొయ్యి వైపు నుంచి పులిహోర పోపు వాసన. నా బంతి ఎప్పుడు నిండుతుందో, అప్పటికి బూరెలు మిగులుతాయో లేదో. ఇంతలో ఎవరైనా "ఒరే అబ్బాయ్, ఇక్కడ ఒక ఆకు ఖాళీగా ఉంది, రారా" అని కేకేస్తే ఒక్క ఉరుకు ఉరికేవాణ్ణి. అమ్మ చెప్పిన మాటా గుర్తుండేది కాదు, ఏమీ లేదు.

ఇప్పుడు ఒక్కో మూలకం ఒక్కో పెళ్లిపందిరి అనుకోండి. దాని పరమాణువులో ఉండే బుల్లి రేణువులు, ఎలక్ట్రాన్లు, భోజనానికి వచ్చినవాళ్లు. హైడ్రోజన్ పందిట్లో ఒక్కరే. హీలియంలో ఇద్దరు. ఆక్సిజన్‌లో ఎనిమిది మంది, ఇనుములో 26, బంగారంలో 79. పట్టికలో గడి మూలన వేసే నంబరు అదే. మొదటి బంతికి రెండే ఆకులు. రెండో దానికి ఎనిమిది. మూడో దానికీ ముందు ఎనిమిదే వేస్తారు. పట్టికలో అడ్డవరసను బట్టి ఎన్నో బంతి నడుస్తోందో తెలుస్తుంది. నిలువు వరసను బట్టి ఆఖరి బంతిలో ఎంతమంది కూర్చున్నారో తెలుస్తుంది.

సోడియం సంగతి చూడండి. మొత్తం 11 మంది. మొదటి బంతిలో ఇద్దరు, రెండో బంతిలో ఎనిమిది మంది, మూడో బంతిలో ఒక్కడు. ఆ ఒక్కడూ నేనే అనుకోండి. అందుకే సోడియానికి నిలకడ ఉండదు. మా ల్యాబులో దాన్ని కిరోసిన్‌లో ముంచి ఉంచేవాళ్లం. బయటికి తీసి చాకుతో కోస్తే మెత్తగా తెగుతుంది, కోసినచోట తెల్లగా తళుక్కుమంటుంది, మనం చూస్తుండగానే మసకబారిపోతుంది. బఠాణీ గింజలో సగం ముక్క నీళ్లలో వేస్తే బుస్సుమంటూ నీటి మీద పరుగులు తీస్తుంది. (ఇది లెక్చరర్ పక్కనుంటేనే చేసేది. మీరు సోడియం జోలికి పోవద్దు.) దాని కింద గడిలో ఉన్న పొటాషియం ఇంకా దూకుడు, నీళ్లు తగలగానే అంటుకుంటుంది. లిథియం కాస్త నెమ్మది. ముగ్గురిదీ ఒకే నిలువు వరస, ముగ్గురికీ ఆఖరి బంతిలో ఒంటరి మనిషే.

ఇక క్లోరిన్. దాని పందిట్లో 17 మంది. రెండు, ఎనిమిది, ఏడు. ఒక్క ఆకు ఖాళీ. ఆ ఒక్క ఆకు కోసం బంతంతా ఎదురుచూస్తోంది. సోడియం పందిట్లో ఒంటరివాడు ఆ కేక విని ఉరుకుతాడు. ఇటు సోడియానికి ఒంటరి బంతి బాధ పోయింది, అటు క్లోరిన్‌కి బంతి నిండింది. నీళ్లలో మండే లోహం, గొంతు పట్టేసే ఘాటు వాయువు, రెండూ కలిస్తే మనం గోంగూర పచ్చట్లో వేసుకునే ఉప్పు.

ఒక మాట చెప్పాలి. బంతి భోజనాలని మురిసిపోతున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో కులం చూసి చెప్పే దుర్మార్గం కూడా ఉండేది. కొందరిని పందిట్లోకే రానిచ్చేవాళ్లు కాదు. ఎలక్ట్రాన్లలో ఆ గొడవ లేదు. ఒక ఎలక్ట్రాన్‌కీ ఇంకో ఎలక్ట్రాన్‌కీ తేడా చెప్పమంటే ఏ సైంటిస్టూ చెప్పలేడు. ఆకు ఖాళీగా ఉంటే ఎవరైనా కూర్చోవచ్చు.

ఇప్పుడు మా మనవరాలి ప్రశ్న. మొదటి బంతికి రెండే ఆకులన్నాను కదా. ఒక్కరు కూర్చుంటే హైడ్రోజన్, ఇద్దరు కూర్చుంటే హీలియం. ఒకటికీ రెండుకీ మధ్య ఎవరుంటారు? ఒకటిన్నర మనిషి ఉండడు. అందుకని ఆ ఖాళీలో ఏదీ దొరకదు. మరి హీలియాన్ని హైడ్రోజన్ పక్కనే పెట్టకుండా అంత దూరాన ఎందుకు పెట్టారంటే, దాని బంతి నిండిపోయింది కాబట్టి. నియాన్, ఆర్గాన్‌లకీ అంతే, నిండిన బంతి. ఒక తీరువాళ్లంతా ఒకే నిలువు వరసలో ఉండాలి, అందుకే అది ఆ మూలకి జరిగింది. మధ్యలో తెల్లకాగితం మిగిలింది.

నాలుగో వరసకి వచ్చేసరికి నా పోలిక కాస్త కుంటుతుంది. నాలుగో బంతిలో ఇద్దరు కూర్చున్నాక, తర్వాత వచ్చేవాళ్లు వెనక్కి వెళ్లి మూడో బంతిలో సర్దుకుంటారు. అక్కడ ఇంకో పది ఆకులకి చోటుందని అప్పుడు తెలుస్తుంది. స్కాండియం నుంచి జింకు దాకా, మధ్యలో ఇనుము, రాగితో సహా, అలా వెనక బంతిలో దూరినవాళ్లే. ఏ పెళ్లిలో జరుగుతుంది ఇలా? మగపెళ్లివారు ఆలస్యంగా వస్తే జరుగుతుందేమో. అసలు ఎలక్ట్రాన్లు చాప మీద మనలా కూర్చోవు కూడా. ఎలా ఉంటాయో ఇంటర్లో మీ మాస్టారు చెబుతారు, శ్రద్ధగా వినండి. కింద విడిగా వేసిన రెండు వరసలకి మాత్రం పెద్ద కారణం లేదు. లోపల ఇరికిస్తే పట్టిక మరీ వెడల్పైపోయి గోడ చాలదని కిందికి దించారు.

కానీ అమ్మడూ, నీ అనుమానం తెలివితక్కువది కాదు. ఈ పట్టికని 1869లో రష్యాలో మెండెలీవ్ అనే శాస్త్రవేత్త తయారుచేసినప్పుడు ఎలక్ట్రాన్ల సంగతి ఎవరికీ తెలీదు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. వాటిని బరువుల వరసలో పెట్టి, ఒకే గుణం ఉన్నవి ఒకదాని కింద ఒకటి వచ్చేలా సర్దాడు. కొన్నిచోట్ల సరిపడే మూలకం లేదు. ఉన్నవాటిని ముందుకి జరిపేసి సరిపెట్టలేదు. ఖాళీ ఉంచి, ఇక్కడికి రావాల్సింది ఇంకా దొరకలేదని చెప్పి, దాని గుణాలు కూడా రాసిపెట్టాడు. అల్యూమినియం కింది ఖాళీలోకి 1875లో గాలియం వచ్చింది. కనిపెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త బ్వాబోడ్రాన్ దాని సాంద్రత కొలిస్తే 4.7 వచ్చింది. మెండెలీవ్ పీటర్స్‌బర్గ్ నుంచి, అలా ఉండదు, మళ్లీ చూడండి అన్నాడు. లోహాన్ని ఇంకా శుభ్రం చేసి కొలిస్తే 5.9 వచ్చింది. మెండెలీవ్ వేసిన లెక్క కూడా అదే. చూడనివాడు చూసినవాడి లెక్క దిద్దాడు! ఈ గాలియం 30 డిగ్రీల లోపే కరిగిపోతుంది. రోహిణి కార్తెకి రోళ్లు పగిలే మన ఊళ్లో వేసవిలో దాన్ని గట్టిగా చూడాలంటే ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సిందే.

బరువులే చూస్తే హైడ్రోజన్ 1, హీలియం 4. మధ్యలో ఇంకెవరికో చోటు ఉన్నట్టే కనిపిస్తుంది. లేదని తేలడానికి 1913 దాకా పట్టింది. ఇంగ్లండులో హెన్రీ మోస్లీ అనే కుర్రవాడు ఎక్స్ కిరణాలతో మూలకాల వరస నంబర్లు పట్టుకున్నాడు. ఏ నంబర్లకి మూలకం ఇంకా దొరకలేదో కూడా చెప్పగలిగాడు. రెండేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధంలో గాలిపోలి దగ్గర చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లు. అంతటివాణ్ణి యుద్ధానికి ఎలా పంపారో!

మెండెలీవ్‌కి తట్టని ఖాళీ ఒకటుంది. దాని కథ మన గుంటూరులో మొదలైంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. పట్టిక రావడానికి ముందు ఏడాది. మన ఊరు సరిగ్గా నీడ దారిలో ఉంది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త వర్ణపటదర్శిని వేసుకుని గుంటూరు వచ్చాడు. అది కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం. వెలిగే వాయువుని అందులోంచి చూస్తే ఒక్కో మూలకానికి దాని సొంత గీతలు కనిపిస్తాయి. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయినప్పుడు అంచున లేచే ఎర్రటి జ్వాలల కాంతిని అందులోంచి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. ఎంత బాగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకి తోచింది. మర్నాడు మామూలు ఎండలో చూసి చూపించాడు కూడా. ఆ గ్రహణాన్ని మన దేశంలో అక్కడక్కడా చూసినవాళ్లకి ఒక పసుపు గీత తగిలింది. పసుపు గీతంటే సోడియం అనే అందరికీ అలవాటు. చారు పొంగి గ్యాస్ స్టవ్ మీద పడ్డప్పుడు నీలం మంట పసుపు రంగుకి మారుతుంది చూడండి, అది ఉప్పులోని సోడియం రంగే. కానీ సూర్యుడిలోని గీత దానికి కాస్త పక్కన ఉంది. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త ఆ తేడా పట్టుకున్నాడు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ గీత లేదు. హీలియం అలా సూర్యుడిలో దొరికింది. భూమ్మీద రామ్సే అనే శాస్త్రవేత్త చేతికి చిక్కింది 1895లో, ఒక యురేనియం ఖనిజంలో.

అంతకు ముందు ఏడాదే ఆర్గాన్, ఆ తర్వాత నియాన్, క్రిప్టాన్, జినాన్. చూస్తే అన్నీ ఒకే కుటుంబం, పట్టికలో ఒక నిలువు వరస మొత్తం! మెండెలీవ్ ఒక్క గడి కూడా ఉంచలేదు వీటికి. ఆర్గాన్ అంటే మొదట నమ్మలేదు కూడా. ఆయన్ని ఏమనగలం? బంతి నిండినవాళ్లు ఎవర్నీ పిలవరు, ఎవరు పిలిచినా పోరు. దేనితోనూ కలవనివాణ్ణి ఎక్కడని వెతుకుతారు? మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక వంతు ఆర్గానే. పుట్టినప్పటి నుంచి లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. మనిషికి దాని ఉనికి తెలియడానికి 1894 రావాల్సి వచ్చింది. నేను రిటైరయ్యాక కూడా ఈ సంగతి తల్చుకుంటే ఒక్కోసారి ఊపిరి బిగపట్టి మళ్లీ వదులుతాను.

గుంటూరంటే మిర్చి యార్డు అని ఎవరైనా చెబుతారు. మీ స్నేహితులకి హీలియం సంగతి కూడా చెప్పండి.

కనిపెట్టొచ్చా అన్నావు కదమ్మా. పైన చోటు లేదు, కింద ఉంది. ఏడో వరస 118తో నిండిపోయింది. ఆఖర్న వచ్చిన నాలుగింటికి 2016లో పేర్లు పెట్టారు. వాటిని తవ్వి తీయరు, యంత్రాల్లో పరమాణువుల నడిమి కేంద్రకాలని ఢీకొట్టించి తయారుచేస్తారు, క్షణంలో విరిగిపోతాయి. 119 దొరికితే ఎనిమిదో బంతికి ఆకు వేయాలి. నీ వయసు పదిహేను, తొందరేం లేదు.

ఈలోపు ఒక పని చెయ్యండి. వంటింట్లో అయోడైజ్డ్ ఉప్పు ప్యాకెట్ ఉంటుంది. ఉప్పంటే సోడియం, క్లోరిన్. అయోడిన్ కోసం అందులో పొటాషియం అయొడేట్ అనే పొడి రవ్వంత కలుపుతారు. ఆక్సిజన్‌ని పక్కన పెడితే నాలుగు పేర్లు: సోడియం, క్లోరిన్, పొటాషియం, అయోడిన్. పట్టిక ముందు నిలబడి నాలుగింటి మీదా వేలు పెట్టండి. ఏ వరసల్లో ఉన్నాయో చూసి నాకు ఉత్తరం రాయండి. వాట్సాప్ చేసినా సరే.

మీ
తాతయ్య