కాలేజీ నుంచి ఎన్‌బీఏకి: స్పెన్సర్ హేవుడ్ కోర్టుకెక్కి తెరిచిన దారి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో టీములు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం పేరు డ్రాఫ్ట్. ఏటా జరిగే ఆ డ్రాఫ్ట్‌లో మొదట పేరు పిలిపించుకునే కుర్రాళ్లలో చాలామందికి 19, 20 ఏళ్లే ఉంటాయి. కాలేజీలో ఒక్క సీజన్ ఆడి, డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చినవాళ్లే వాళ్లలో ఎక్కువ. ఇప్పుడది ఎవరికీ వింత కాదు. 1971కి ముందు మాత్రం అలా రావడానికి వీల్లేదు.

తన బ్యాచ్ హైస్కూల్ ముగించి నాలుగేళ్లు దాటితే తప్ప ఏ ఆటగాడినీ తీసుకోకూడదని అప్పట్లో లీగ్ నిబంధన. విల్ట్ చాంబర్లిన్ అంతటివాడే 1958లో కాన్సస్ యూనివర్సిటీని ఒక ఏడాది ముందే వదిలేసి, ఆ ఏడాదంతా హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్‌తో ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడుతూ గడిపాడు. ఈ ఏర్పాటు ఇరుపక్షాలకూ బాగా కలిసొచ్చింది. స్టార్లు నాలుగేళ్లు తమ దగ్గరే ఉంటారు కాబట్టి కాలేజీలకు టికెట్లు అమ్ముడయ్యేవి. ఆట నేర్చుకుని, పేరు కూడా తెచ్చుకున్న ఆటగాళ్లు పైసా ఖర్చు లేకుండా లీగ్‌కు దొరికేవారు. కుర్రాడికి దక్కేది స్కాలర్‌షిప్పే. ఇంట్లో పొయ్యి వెలగని వాడికి అది ఏ మూలకు?

స్పెన్సర్ హేవుడ్ ఇల్లు అలాంటిదే. 1949లో మిసిసిపీలోని సిల్వర్ సిటీలో పుట్టాడు. తల్లి పత్తి చేలో కూలి, పదిమంది పిల్లలు. పత్తికాయ మొనలు వేళ్లను గీరేసే ఆ పని అతనూ చిన్నప్పుడే చేశాడు. తర్వాత డెట్రాయిట్ చేరి, 1967లో పెర్షింగ్ హైస్కూల్‌కు రాష్ట్ర టైటిల్ తెచ్చాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 19 ఏళ్లకే అమెరికా జట్టును ముందుండి నడిపించి స్వర్ణం గెలిచాడు. డెట్రాయిట్ యూనివర్సిటీకి ఆడిన ఒకే సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 32 పాయింట్లు కొట్టాడు.

అప్పట్లో ఎన్‌బీఏకు పోటీగా ఏబీఏ అని మరో లీగ్ ఉండేది. కుటుంబ కష్టాల దృష్ట్యా మినహాయింపు ఇచ్చి 1969లో అతన్ని తీసుకుంది. డెన్వర్ రాకెట్స్ తరఫున మొదటి ఏడాదే 30 పాయింట్ల సగటుతో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు, లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ రెండూ అందుకున్నాడు. కానీ కాగితం మీద కనిపించిన ఒప్పంద మొత్తంలో చాలా భాగం ఎన్నో ఏళ్ల తర్వాత గానీ చేతికి రాదని తెలిసింది. గొడవపడి బయటికొచ్చి, 1970 చివర్లో ఎన్‌బీఏలోని సియాటిల్ సూపర్‌సోనిక్స్‌తో సంతకం చేశాడు. ఆ టీము యజమాని శామ్ షుల్మన్ అతని పక్కనే నిలబడ్డాడు. లీగ్ ఒప్పుకోలేదు. కేసు నడిచింది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ కొద్ది నెలలే. హేవుడ్ తర్వాతి రోజుల్లో చెప్పిన ప్రకారం, మ్యాచ్‌కు ముందు మైకులో అతన్ని చట్టవిరుద్ధమైన ఆటగాడిగా ప్రకటించి, ఆడే కోర్టులోంచి బయటికి పంపించేవారు. ఒకసారి స్టేడియం బయట మంచులో నిలబడాల్సి వచ్చిందట. జనం సీసాలు విసిరేవారట. అప్పటికి అతని వయసు 21.

1971 మార్చి 1న సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ అతను ఆడటానికి అనుమతించారు. అందులోని తర్కం ఎవరికైనా అర్థమవుతుంది. ఆటగాడి కెరీర్ చిన్నది. పెద్ద స్థాయి పోటీ లేకుండా కూర్చోబెడితే ఒంట్లో పట్టు పోతుంది, నైపుణ్యం తగ్గుతుంది, జనం మరిచిపోతారు. కేసు గెలిచినా ఆ నష్టం తిరిగి రాదు. టీములన్నీ ఒక్కటై ఒకడికి పని ఇవ్వకపోవడం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని జిల్లా కోర్టు తేల్చింది. లీగ్ చివరికి రాజీకొచ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్లు పేదరికం రుజువు చేసుకుంటేనే ముందుగా రానిచ్చేవారు. 1976లో ఆ షరతూ పోయింది. మ్యాజిక్ జాన్సన్ రెండేళ్లకు, మైకేల్ జోర్డన్ మూడేళ్లకు కాలేజీ వదిలి వచ్చింది ఆ తలుపులోంచే. 1995లో కెవిన్ గార్నెట్ అసలు కాలేజీ మెట్టే ఎక్కకుండా వచ్చాడు. వెనకాలే కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్. వాళ్లంతా పెద్ద స్టార్లయ్యారు. అందరికీ అలా కలిసిరాలేదు. 1998లో హైస్కూల్ నుంచి వచ్చిన కోర్లియోన్ యంగ్ ఎన్‌బీఏలో ఆడింది మూడే మ్యాచ్‌లు.

అలాంటి ఉదాహరణలు చూపించే 2005లో లీగ్ కొత్త నిబంధన తెచ్చింది: డ్రాఫ్ట్ జరిగే ఏడాది ముగిసేలోగా 19 ఏళ్లు నిండాలి, అమెరికా కుర్రాడైతే హైస్కూల్ తర్వాత ఏడాది గడవాలి. మరి హేవుడ్ తీర్పు అడ్డు రాలేదా? రాలేదు. పాత నిబంధన యజమానులు తమంతట తాము పెట్టుకున్నది. ఇది ఆటగాళ్ల సంఘంతో కలిసి రాసుకున్న ఒప్పందం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇలాంటి నిబంధన మీద మారిస్ క్లారెట్ వేసిన కేసు 2004లో ఓడిపోయింది కూడా అందుకే. సంఘంలో ఉండేది ఇప్పటికే ఉద్యోగం ఉన్నవాళ్లు. బయట నిలబడ్డ 18 ఏళ్ల కుర్రాడి తరఫున ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు. ఇది న్యాయమని నేను అనుకోను.

హైస్కూల్ తర్వాత కాలేజీలో ఆడాల్సి వచ్చే ఆ ఏడాది ఎంత రిస్కో 2019 ఫిబ్రవరిలో అందరూ చూశారు. డ్యూక్, నార్త్ కరోలైనా యూనివర్సిటీల మ్యాచ్ మొదలైన నిమిషంలోపే డ్యూక్ ఆటగాడు జయాన్ విలియమ్సన్ ఎడమ బూటు చీలిపోయి, కాలు బయటికొచ్చి, మోకాలు బెణికింది. టికెట్లు వేల డాలర్లు పలికిన మ్యాచ్ అది. అతనికి జీతం లేదు. అదృష్టవశాత్తు కోలుకున్నాడు, ఆ జూన్‌లో డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే.

2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. ఆటగాళ్లు వేసిన కేసులో 2025లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌తో కాలేజీలే నేరుగా చెల్లించే వీలొచ్చింది. మొదటి ఏడాదికి అన్ని ఆటలకూ కలిపి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. దాంతో డ్రాఫ్ట్‌లో జీతానికి హామీ లేని రెండో రౌండ్‌లో పడతామేమో అని టెన్షన్ పడే కుర్రాళ్లు ఇంకో ఏడాది కాలేజీలోనే ఉండిపోతున్నారు.

2023లో లీగ్, సంఘం మళ్లీ ఒప్పందం రాసుకున్నాయి. 19 ఏళ్ల షరతు అలాగే ఉంచారు. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన హేవుడ్, ముందుగా వచ్చే ఈ హక్కుకు తన పేరు పెట్టమని ఏళ్లుగా అడుగుతున్నాడు.