వామ్ వేస్తే చేను బెట్టకు ఆగుతుందా? అపోహలు – వాస్తవాలు

వామ్ (మైకోరైజా) అంటే పంట వేర్లలో చేరి బతుకుతూ మొక్కకు మేలు చేసే శిలీంధ్రం. దీన్ని జీవన ఎరువుగా వేస్తారు.

అపోహ: బెట్ట మొదలయ్యాక వామ్ వేసినా చేను తేరుకుంటుంది.

తేరుకోదు. ఈ శిలీంధ్రం వేర్లలో కుదురుకోవడానికి మూడు నాలుగు వారాలు కావాలి, అదీ నేలలో పదను ఉంటేనే. జూన్‌లో పత్తి, కంది విత్తేటప్పుడు వేసింది ఆగస్టు బెట్టలో అక్కరకొస్తుంది. ఆకులు వాడాక సాళ్లలో చల్లితే డబ్బు దండగే.

అపోహ: ఇది లోతు నుంచి నీళ్లు తోడి మొక్కకు పోస్తుంది.

నేల పూర్తిగా ఎండితే దానికీ ఏమీ దొరకదు. అది చేసే మేలు వేరే ఉంది. పదను ఆరేకొద్దీ చెల్క నేలలో నీరు సన్నటి సందుల్లోనే మిగులుతుంది. వేరు కుంచించుకుని మట్టిని వదిలేస్తుంది. శిలీంధ్రపు సన్నటి పోగు మందం మిల్లీమీటరులో దాదాపు వందో వంతే కాబట్టి ఆ సందుల్లోకి దూరి, వేరుకూ మట్టికీ లంకె తెగకుండా చూస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది భాస్వరం. అది నేలలో అసలే పెద్దగా కదలదు, ఎండిన నేలలో మరీను. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేసుకుంటే, పోగులు కొన్ని సెంటీమీటర్ల అవతలి నుంచి తెచ్చిస్తాయి.

అపోహ: ట్రైకోడెర్మాలా (తెగుళ్లను అరికట్టే మరో శిలీంధ్రం) పశువుల ఎరువులో, బెల్లం నీళ్లలో పెంచుకోవచ్చు.

ఎక్కువమంది నష్టపోతున్నది ఇక్కడే. బతికున్న వేరు లేనిదే వామ్ పెరగదు. ఎరువులో కలిపి తడిపి పది రోజులు కుప్ప పెడితే, మొలిచిన బీజాలు వేరు దొరక్క చస్తాయి. ఇంట్లో పెంచాలంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, 30 సెం.మీ. లోతు గుంతలో నల్ల కవరు పరిచి, 50 కిలోల వర్మిక్యులైట్ (నీరు పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు రేణువులు), 5 కిలోల ఆవిరి పట్టిన మట్టి నింపండి. పైనుంచి 2–5 సెం.మీ. లోతున కిలో వామ్ పరిచి మక్కలు విత్తండి. 60 రోజులకు మొక్కలు కోసి, వేర్లు తరిగి అందులోనే కలపండి. మట్టికి ఆవిరి పట్టకపోతే నులిపురుగులు, వేరుకుళ్లు కూడా అందులోనే పెరిగి చేనుకు చేరతాయి.

అపోహ: భాస్వరం ఉండే డీఏపీ ఎరువు దండిగా వేస్తే వామ్ ఇంకా బాగా పనిచేస్తుంది.

భాస్వరం దండిగా దొరికే మొక్క శిలీంధ్రాన్ని వేరులోకి అంతగా రానివ్వదు. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే ముందు డీఏపీ తగ్గించండి. తగ్గించే ఉద్దేశం లేకపోతే వామ్ కొనకండి.

అపోహ: అన్ని పంటలకూ పనికొస్తుంది.

క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు, పాలకూర, తోటకూర దీన్ని వేర్లలోకి రానివ్వవు. నీరు నిలిచే వరి మడిలోనూ లాభం తక్కువ.

వేసే తీరు: ఎకరాకు 5 కిలోల వామ్‌ను 100 కిలోల బాగా చివికిన ఎరువులో అప్పటికప్పుడు కలిపి, విత్తనం కింద 3–5 సెం.మీ. లోతున సాలులో పడేలా వేయండి. పైపైన వెదజల్లితే వేరుకు అందదు. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పట్టించిన విత్తనానికి దీన్ని అంటించకండి. మిర్చి నారుమడికి చదరపు మీటరుకు 100 గ్రాములు చాలు. బత్తాయికి వేరు నూగు తక్కువ, అందుకే ఈ శిలీంధ్రం మీద ఎక్కువ ఆధారపడుతుంది. నర్సరీ సంచిలోనే 5–10 గ్రాములు, నాటేటప్పుడు గుంతలో వేరుకు తగిలేలా 20 గ్రాములు వేయండి. కాపుకొచ్చిన చెట్టుకైతే 200 గ్రాములు, కాండం మొదలు దగ్గర కాకుండా పీచువేర్లు ఉన్న పాదు అంచున మట్టి కదిపి వేసి, వెంటనే తడి ఇవ్వండి.