బడిలో నాలోక్సోన్ ఉంచాలంటే

నల్లమందు జాతి మందులు మోతాదు మించితే మనిషిని చంపేది ముందుగా ఊపిరిని ఆపి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగగానే మెదడు కాండం ఊపిరి పీల్చమని తొందరపెడుతుంది. మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటివి అక్కడి గ్రాహకాలకు, అంటే కణాల మీద మందు పట్టుకునే చోట్లకు, అతుక్కున్నాక ఆ తొందర ఉండదు. వీటికి విరుగుడైన నాలోక్సోన్ అవే గ్రాహకాలను ఇంకా గట్టిగా పట్టుకుని ఆ మందులను తోసేస్తుంది. 1971లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు 4 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రేగా 2023 సెప్టెంబరు నుంచి అక్కడ డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది. ఎన్నో బడులు దాన్ని దగ్గర ఉంచుకుంటున్నాయి.

అక్కడి భయం ఫెంటనిల్ కలిపిన నకిలీ మాత్రలు. కర్నూలు, అనంతపురం, కడప బడుల్లో ముందుగా ఆలోచించాల్సింది ఇంటి నుంచి వచ్చేవాటి గురించి: తాతకు రాసిన ట్రమడాల్, క్యాన్సర్ రోగి మార్ఫిన్ మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్. ట్రమడాల్‌ను 2018లోనే మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చినా, నొప్పుల మాత్రగా ఇళ్లలో ఇంకా ఉంటుంది. దాని ప్రభావాన్ని నాలోక్సోన్ కొంతవరకే తగ్గిస్తుంది, ఫిట్స్‌ను ఆపదు.

మన సీమలో ఇంకో చిక్కుంది. కంటిపాప సూదిమొనంత అయిందంటే నల్లమందు జాతి అనుకుంటాం. కానీ పత్తికి, మిరపకు కొట్టే క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఒంట్లోకి పోయినా పాప అలాగే చిన్నదవుతుంది. తేడా తడిలో తెలుస్తుంది. పురుగుమందైతే నోట్లో చొంగ, కళ్లనీళ్లు, చెమట, ఘాటు వాసన ఉంటాయి, కండరాలు అదురుతుంటాయి. దానికి కావాల్సింది ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్. పొరపాటున నాలోక్సోన్ ఇచ్చినా పెద్ద హాని లేదు గానీ, నోటితో నోటికి గాలి ఊదితే ఊదినవాళ్లకూ విషం అంటవచ్చు. అక్కడ మాస్కు, బ్యాగుతోనే ఊదాలి.

నల్లమందు జాతి అయితే పిల్లాడు పిలిస్తే పలకడు, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా కదలడు. ఊపిరి బాగా నెమ్మదిస్తుంది లేదా గురకలా గరగరమంటుంది. నల్లటి పిల్లల్లో నీలం రంగు చర్మం మీద కనబడదు కాబట్టి చిగుళ్లు, పెదవి లోపలి వైపు, గోళ్లు చూడాలి. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, స్ప్రే మొనను ఒక ముక్కు రంధ్రంలోకి పూర్తిగా పెట్టి ఒకేసారి నొక్కాలి. ఒక్కోదానిలో ఒకే మోతాదు ఉంటుంది. పనిచేస్తుందో లేదోనని ముందే నొక్కి చూస్తే అంతే, ఖాళీ. పిల్లలకైతే 2, 3 సెకన్లకొకసారి గాలి ఊదుతూ ఉండాలి. 2, 3 నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో స్ప్రే రెండో రంధ్రంలో కొట్టాలి. మందు చేతికి రాకముందే గాలి ఊదడం మొదలుపెట్టాలి, నా లెక్కలో బడి సిబ్బంది ముందు నేర్వాల్సింది అదే.

ఎందుకంటే మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది స్ప్రే కాదు, 1 మిల్లీలీటరులో 0.4 మిల్లీగ్రాములుండే ఇంజెక్షన్ ఆంప్యూల్. అదీ డాక్టర్ చీటీ మీదే. ఆంప్యూల్ మెడ విరిచి సిరంజిలోకి లాగడం కంగారులో టీచరుకు చేతకాదు. హాస్టల్ బడుల్లో ఏఎన్‌ఎం ఉంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారితో రాతపూర్వక సూచన తీసుకుని ఆమె చేతికే అప్పగించడం తెలివి.

ఇక ఎండ. స్ప్రేను 25 డిగ్రీల లోపు ఉంచమంటారు, అప్పుడప్పుడు 40 దాకా పెరిగినా ఓర్చుకుంటుంది. కర్నూలులో మే నెల రేకుల గది దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టి స్ప్రే రాదు. పడమటి ఎండ పడని గోడకు, వెలుగు సోకని డబ్బాలో ఉంచి, గడువు తేదీ పైన పెద్దగా రాయాలి. హెడ్‌మాస్టరు బీరువాలో పెట్టి తాళం వేస్తే రాత్రి హాస్టల్లో ఆ తాళంచెవి కోసమే సమయమంతా పోతుంది.

మందు పనిచేసి పిల్లాడు లేచి కూర్చున్నా ఇంటికి పంపకూడదు. నాలోక్సోన్ బలం 30 నుంచి 90 నిమిషాలే, మింగిన మాత్ర అంతకంటే ఎక్కువ సేపు ఉండి ఊపిరిని మళ్లీ ఆపవచ్చు. ఒక పక్కకు పడుకోబెట్టి, దొరికిన స్ట్రిప్పునూ స్ప్రే కొట్టిన టైమునూ 108 సిబ్బందికి ఇవ్వాలి.