కొత్త ఫోన్ ఓఎస్: అపోహలు - వాస్తవాలు, యాప్‌లు రాసేవాడి వైపు నుంచి

కొత్త స్మార్ట్‌ఫోన్ ప్లాట్‌ఫామ్ ఏదైనా బయటికి వచ్చిన వారంలోనే జనం రెండు జట్లుగా విడిపోతారు. ఇక ఆండ్రాయిడ్ పని అయిపోయిందనేవాళ్లు కొందరు, ఇది ఏడాది కూడా నిలవదనేవాళ్లు కొందరు. ఫోన్ యాప్‌లు రాయడం, వాటిని ఒక ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఫోన్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) నుంచి ఇంకో ఓఎస్‌కి మార్చడం నా పని. నా దగ్గరికి వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: దీనికి మనం యాప్ చెయ్యాలా, వద్దా? దానికి జవాబు వెతికేటప్పుడు స్పెక్ షీట్ (ఫోన్ సాంకేతిక వివరాల జాబితా) పెద్దగా ఉపయోగపడదు. దాని చుట్టూ పుట్టే నమ్మకాలైతే తప్పుదారే పట్టిస్తాయి.

అపోహ: స్టోర్‌లో లక్షల యాప్‌లున్నాయి, ఇంకేం లోటు?

మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు తెచ్చిన ఫోన్ ఓఎస్ విండోస్ ఫోన్. దాని స్టోర్‌లోనూ లక్షల యాప్‌లు ఉండేవి. లెక్క పెంచడానికి 2013లో మైక్రోసాఫ్ట్ అమెరికా డెవలపర్లకి యాప్‌కి 100 డాలర్ల చొప్పున ఇచ్చే పథకం కూడా నడిపింది. ఇలాంటి పథకాలు పెడితే ఏం వస్తాయో ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు: టార్చ్‌లైట్లు, కాలిక్యులేటర్లు, ఏదో వెబ్‌సైట్‌కి తొడుగు తొడిగిన యాప్‌లు. జనం అడిగినవి వేరు. ఇన్‌స్టాగ్రామ్ 2013 నవంబర్ దాకా రాలేదు, వచ్చింది కూడా బీటా, అంటే ఇంకా పరీక్ష దశలో ఉన్నది, అనే పేరుతో. స్నాప్‌చాట్ అసలు రానేలేదు. యూట్యూబ్ సంగతి ఇంకా విచిత్రం. గూగుల్ చెయ్యడం లేదని మైక్రోసాఫ్టే సొంతంగా ఒక యూట్యూబ్ యాప్ చేసి 2013లో విడుదల చేస్తే, గూగుల్ అభ్యంతరం చెప్పి దాన్ని ఆపించేసింది.

అంటే ఓఎస్ ఎంత బాగున్నా, దాని బలహీనత తయారీదారు చేతిలో లేని చోట ఉండొచ్చు. ఇంజినీర్లు ఎంత కష్టపడినా పోటీ కంపెనీ చేత యాప్ రాయించలేరు.

అందుకే నేను మొత్తం సంఖ్య చూడను. మీరు రోజూ తెరిచే యాప్‌లు మహా అయితే పదో పదిహేనో ఉంటాయి. వాటి పేర్లు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే స్టోర్‌లో వెతకండి. దొరికితే ఇంకో పని చెయ్యండి, చివరి అప్‌డేట్ తేదీ చూడండి. ఆండ్రాయిడ్‌లో పోయిన వారం అప్‌డేట్ అయిన యాప్ ఇక్కడ ఏడాదిన్నరగా కదల్లేదంటే, ఆ కంపెనీ ఈ ప్లాట్‌ఫామ్‌ని లోలోపల వదిలేసినట్టే. బయటికి మాత్రం ఎవరూ చెప్పరు.

అపోహ: ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తాయట, కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు

సగం నిజం కాబట్టే దీన్ని నమ్మేవాళ్లు ఎక్కువ. బ్లాక్‌బెర్రీ 10, జోలా కంపెనీ వాళ్ల సెయిల్‌ఫిష్ అనే ఓఎస్‌లు రెండూ ఆండ్రాయిడ్ యాప్‌లని నడిపించాయి. అయితే యాప్ తెరుచుకోవడం వేరు, పనిచెయ్యడం వేరు.

ఆండ్రాయిడ్ అని మనం పిలిచేదాంట్లో రెండు పొరలున్నాయి. ఒకటి ఎవరైనా తీసుకుని వాడుకోగలిగే ఓపెన్ సోర్స్ భాగం. రెండోది గూగుల్ ప్లే సర్వీసెస్. గూగుల్‌తో ఒప్పందం ఉన్న ఫోన్లలోనే ఇది వస్తుంది. నోటిఫికేషన్లు, మ్యాప్‌లు, గూగుల్ ఖాతాతో లాగిన్, ఈ ఫోన్‌లో ఎవరైనా మార్పులు చేశారా అని బ్యాంకు యాప్ చేసే తనిఖీ, ఇలా చాలా పనులు ఆ రెండో పొర మీదే నడుస్తాయి. అది లేని ఫోన్‌లో చాట్ యాప్ శుభ్రంగా ఇన్‌స్టాల్ అవుతుంది, మెసేజ్‌లు మాత్రం యాప్ తెరిచినప్పుడే వచ్చి పడతాయి. టాక్సీ యాప్‌లో మ్యాప్ ఉండాల్సిన చోట ఖాళీ గడి కనిపిస్తుంది. బ్యాంకు యాప్ మొదటి స్క్రీన్ దాటదు. అరగంట వాడి చూసి రివ్యూ చెప్పేవాళ్లకి ఇవేవీ దొరకవు. ఫోన్ లాక్ చేసి, రాత్రంతా వదిలేసి, ఇంకో ఫోన్ నుంచి మెసేజ్ పంపి, అది ఎప్పుడు మోగుతుందో చూడాలి. నేను ఏ కొత్త ఫోన్ మీదైనా చేసే మొదటి పరీక్ష ఇదే.

దీని వెనక ఇంకో చిక్కుంది, ఇది మా వైపుది. ఆండ్రాయిడ్ యాప్ ఎలాగూ నడుస్తున్నప్పుడు, ఆ ప్లాట్‌ఫామ్ కోసం విడిగా రాయడానికి డబ్బు ఎవరు పెడతారు? క్లయింట్‌కి ఎలా నచ్చజెప్పాలి? 1990లలో ఐబీఎం వాళ్ల కంప్యూటర్ ఓఎస్ అయిన ఓఎస్/2 విండోస్ ప్రోగ్రామ్‌లని బాగానే నడిపేది. దాంతో దానికోసం ప్రత్యేకంగా రాయాలన్న తొందర సాఫ్ట్‌వేర్ కంపెనీలకి లేకపోయింది. అరువు యాప్‌లు మొదటి రోజు స్టోర్‌ని నింపుతాయి, సొంత యాప్‌లు పుట్టకుండా కూడా చేస్తాయి.

ఈ విషయంలో హువావే చేసిన పని గమనించదగ్గది. 2019 మేలో అమెరికా ఆంక్షలు రావడంతో దాని కొత్త ఫోన్లకి గూగుల్ సర్వీసులు దూరమయ్యాయి. ఆ ఆగస్టులోనే హార్మొనీఓఎస్‌ని ప్రకటించింది. తొలి వెర్షన్ల ఫోన్లలో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిచేవి. 2024 అక్టోబర్‌లో తెచ్చిన హార్మొనీఓఎస్ నెక్స్ట్‌లో ఆ ఆండ్రాయిడ్ భాగాన్నే తీసేసింది. ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఉండే ఫైల్) పెడితే ఇన్‌స్టాల్ కాదు. ముఖ్యంగా ఆర్క్‌టీఎస్ అనే భాషలో యాప్‌ని మళ్లీ రాసుకోవాలి. నా దృష్టిలో ఇది సరైన నిర్ణయం, కానీ ఎవరు పడితే వాళ్లు తీసుకోగలిగింది కాదు. చైనా మార్కెట్‌లో హువావేకి ఉన్న బలం వల్లే అక్కడి పెద్ద యాప్ కంపెనీలు కదిలాయి. అయినా ఆండ్రాయిడ్ యాప్‌లని ఒక కంటైనర్‌లో (మిగతా ఫోన్ నుంచి వేరుచేసిన అరలాంటి చోట) పెట్టి నడిపే సాధనాలు తర్వాత అక్కడా వచ్చాయి. చైనా బయట వాడే యాప్‌ల విషయంలో ఆ ప్లాట్‌ఫామ్ ఇంకా పలచగానే ఉంది.

అపోహ: ఇది ఆండ్రాయిడే, పేరు మార్చారంతే

కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే ఓఎస్ అడుగు పొర, ఆండ్రాయిడ్‌ది లైనక్స్ కెర్నల్. కొత్త ఓఎస్‌లోనూ అదే ఉందని తెలియగానే ఈ మాట వస్తుంది. పామ్ వెబ్‌ఓఎస్, టైజెన్, ఫైర్‌ఫాక్స్ ఓఎస్, సెయిల్‌ఫిష్ అన్నీ లైనక్స్ కెర్నల్ మీద కట్టినవే, ఒకదాని యాప్ ఇంకోదాంట్లో నడవదు. డెవలపర్‌కి ప్లాట్‌ఫామ్ అంటే కెర్నల్ కాదు, దాని పైన యాప్‌కి అందే సౌకర్యాలు. హార్మొనీఓఎస్ తొలి ఫోన్ వెర్షన్ల మీద ఈ విమర్శలో కొంత న్యాయం ఉంది, నెక్స్ట్ మీద లేదు.

అపోహ: కొత్తగా రాసిన ఓఎస్ కాబట్టి వేగంగా ఉంటుంది, బ్యాటరీ తినదు

ఏ ఫోనైనా మొదటి వారం వేగంగానే ఉంటుంది. అందులో యాప్‌లుండవు, వెనకాల పరిగెత్తేవి ఏమీ ఉండవు.

కొన్నిసార్లు ఈ వేగం నిజమే, అప్పుడు అది దేన్ని వదులుకుని వచ్చిందో అడగాలి. విండోస్ ఫోన్ 7 మామూలు హార్డ్‌వేర్ మీద కూడా వెన్నలా కదిలేది. బయటి యాప్‌లని వెనకాల స్వేచ్ఛగా నడవనివ్వకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. దానివల్లే బ్యాటరీ మిగిలేది, దానివల్లే కొన్ని రకాల యాప్‌లు మేము రాయలేకపోయేవాళ్లం. ఐఫోన్‌లో కూడా 2010లో ఐఓఎస్ 4 వచ్చేదాకా బయటి యాప్‌లకి మల్టీటాస్కింగ్ లేదు. ప్లాట్‌ఫామ్‌ల బలాలు, లోపాలు చాలాసార్లు వేర్వేరు విషయాలు కావు. ఒకే నిర్ణయానికి అటూ ఇటూ ఉంటాయి. రివ్యూల్లో రెండు నిలువు వరుసలు గీసి ప్లస్‌లు, మైనస్‌లు విడదీస్తారు చూడండి, నాకు అక్కడే చిరాకు.

అపోహ: దీనికి వైరస్‌లు రావు

వాడేవాళ్లు తక్కువైతే దాడి చేసేవాళ్లకి ఆసక్తి తక్కువ, అంతవరకు నిజం. కానీ దొంగ లింకు పంపి పాస్‌వర్డ్ కొట్టించుకునేవాడికి మీ ఓఎస్ ఏదైనా ఒకటే. తక్కువమంది వాడే ఓఎస్‌లో లోపాలు వెతికి చెప్పే పరిశోధకులు కూడా తక్కువే ఉంటారు. కంపెనీ ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇస్తానని రాతపూర్వకంగా చెప్పిందో, బ్రౌజర్ ఎంత తరచుగా అప్‌డేట్ అవుతోందో చూడండి.

అపోహ: ఇప్పుడున్న లోపాలన్నీ తర్వాతి అప్‌డేట్‌లో పోతాయి

దీనికి సాక్ష్యంగా అందరూ మొదటి ఐఫోన్‌నే చూపిస్తారు. 2007లో దానికి యాప్ స్టోర్ లేదు. కాపీ, పేస్ట్ 2009లో గానీ రాలేదు. ఆండ్రాయిడ్‌కి కూడా తెర మీద కీబోర్డు 2009లో వెర్షన్ 1.5తో వచ్చింది. నిజమే. కానీ అప్పుడు అందరూ నేర్చుకుంటున్నవాళ్లే. ఇవాళ వచ్చే ఓఎస్‌ని జనం పోల్చేది పదిహేనేళ్లు పైబడి ముదిరిన రెండు ఓఎస్‌లతో.

పైగా అప్‌డేట్ మీ ఫోన్‌కే వస్తుందన్న హామీ లేదు. నోకియా లూమియా 900 అమెరికాలో 2012 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చింది. విండోస్ ఫోన్ 8 పాత ఫోన్లకి రాదని ఆ జూన్‌లోనే తేలిపోయింది, కెర్నల్ మొత్తం మార్చేశారు కాబట్టి. వెబ్‌ఓఎస్‌తో వచ్చిన హెచ్‌పీ టచ్‌ప్యాడ్ టాబ్లెట్‌ని 2011లో రెండు నెలలు తిరక్కుండానే ఆపేశారు. నేను పాటించే నియమం ఇది: ఫోన్ కొనేరోజున అందులో ఏముందో దానికే డబ్బు ఇవ్వాలి, వస్తుందని చెప్పినదానికి కాదు.

ఇంకో మాట, రివ్యూల్లో కనిపించనిది. తెలుగు లాంటి లిపుల్లో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటున్నాయా, కీబోర్డు, వాయిస్ టైపింగ్ ఉన్నాయా అన్నది ముందే చూసుకోండి. కొత్త ప్లాట్‌ఫామ్‌లలో ఈ పని చాలాసార్లు ఆలస్యంగా జరుగుతుంది.

అపోహ: ఓడిపోయిన ప్లాట్‌ఫామ్ అంటే చెత్త ప్లాట్‌ఫామ్

తెరిచి ఉన్న యాప్‌లని కార్డుల్లా పక్కపక్కన పేర్చి, అక్కర్లేనిదాన్ని పైకి తోసెయ్యడం 2009లో వెబ్‌ఓఎస్‌తో వచ్చిన పామ్ ప్రీ ఫోన్‌లో ఉంది. ఇవాళ ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ మీరు చేసేది దాదాపు అదే. దాని డిజైన్ వెనకున్న మటియాస్ డ్వార్టే 2010లో గూగుల్‌కి వెళ్లారు. వెబ్‌ఓఎస్ ఇప్పుడు ఎల్‌జీ టీవీల్లో బతుకుతోంది. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోన్లని మొజిల్లా వదిలేశాక, ఆ కోడ్ నుంచే కైఓఎస్ పుట్టి బటన్ల ఫోన్లలోకి చేరింది.

అపోహ: ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ ఉన్నాయిగా, ఒక్కసారి రాస్తే అన్నిచోట్లా నడుస్తుంది

ఇది మా క్లయింట్ల మాట. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ అనేవి ఒకే కోడ్‌తో వేర్వేరు ఓఎస్‌లకి యాప్ చెయ్యడానికి వాడే ఫ్రేమ్‌వర్క్‌లు. ఆ ఫ్రేమ్‌వర్క్‌ని ముందు ఎవరో ఒకరు ఆ కొత్త ఓఎస్‌కి తీసుకురావాలి. తెచ్చాక స్క్రీన్లు వస్తాయి. కెమెరా, పేమెంట్, వేలిముద్ర, బ్లూటూత్ లాంటివాటికి వాడే ప్లగిన్‌లు (యాప్‌కి తగిలించే చిన్న కోడ్ ముక్కలు) మాత్రం ఒక్కో ఓఎస్‌కి విడిగా రాయాల్సినవి. కాబట్టి కొటేషన్ ఇచ్చే ముందు యాప్‌లో వాడిన ప్లగిన్‌ల జాబితా తీసి, వాటిలో ఎన్నిటికి ఆ ఓఎస్ వెర్షన్ ఉందో చూస్తాను. లేనివాటి పని గంటలు కలిపాక చాలామంది క్లయింట్లు వచ్చే ఏడాది చూద్దాం అంటారు.