ఏసీ గది దాటి ఎండలోకొచ్చిన ఫ్యాను

ఎలక్ట్రానిక్స్‌కు వేడి తలనొప్పి కంప్యూటరంత పాతది. 1946లో ఫిలడెల్ఫియాలో లోకానికి చూపించిన ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు, అంటే బల్బుల్లా వేడెక్కే గాజు గొట్టాలు, ఉండేవి. 150 కిలోవాట్లు మింగే ఆ యంత్రానికి పెద్ద బ్లోయర్లతో గాలి కొట్టించేవారు. ఏ ప్యానెల్ లోపలైనా వేడి 115 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటితే కరెంటు దానంతటదే ఆగిపోయేది. సెల్సియస్‌లో చెప్తే 46. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం బయటి గాలే ఆ దరిదాపుల్లో ఉంటుంది.

తర్వాత కొన్ని దశాబ్దాలు దీనికి దొరికిన సులువు మార్గం, గదికి ఏసీ పెట్టేయడం. చెప్పులు బయట విడిచి కంప్యూటర్ ల్యాబ్‌లోకి వెళ్లిన తరానికి ఆ చల్లదనం గుర్తుండే ఉంటుంది. గది చల్లగా ఉంది కాబట్టి కంప్యూటర్ పెట్టెకుండే చిన్న ఫ్యాను పని ఆ గాలిని లోపలికి నెట్టడమే. నేటికీ చాలా ఫ్యాన్ల కేటలాగుల్లో జీవితకాలాన్ని 40 డిగ్రీల దగ్గర లెక్కగట్టి చూపిస్తారు. నూటికి పది ఫ్యాన్లు ఆగిపోయేసరికి ఎన్ని గంటలవుతుందన్నదే ఆ లెక్క. నా దృష్టిలో ఆ 40 ఏసీ గది బిడ్డే.

ఈలోగా ఫ్యానే మారిపోయింది. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇంజినీర్లు బ్రష్‌ల (తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే ముక్కల) బదులు ట్రాన్సిస్టర్లతో నడిచే డీసీ మోటారు గురించి రాశారు. అరిగే బ్రష్‌ల గొడవ పోయింది. కానీ మోటారు నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు ఫ్యాను నడుమ చేరింది. అంటే ఎలక్ట్రానిక్స్‌ను చల్లబరిచేది కూడా ఎలక్ట్రానిక్సే అయింది. వేడికి అదీ చెడుతుంది.

అయితే ముందు పోయేది సాధారణంగా ఇరుసును పట్టి తిరగనిచ్చే బేరింగే. చెడిన చవక ఫ్యాను వెనక స్టిక్కరు పీకి చూడండి. స్లీవ్ బేరింగులో, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టంలో, నూనె ఉండాల్సిన చోట గోధుమరంగు జిగురు కనిపిస్తుంది. వేలితో తిప్పితే రెక్కలు సగం చుట్టు తిరిగి ఆగిపోతాయి.

అసలు చిక్కు, ఎలక్ట్రానిక్స్ పెట్టెలు ఏసీ గది దాటాక మొదలైంది. మన దేశంలో సెల్ టవర్లు పల్లెలకు పాకిన కొత్తలో కింద పరికరాలకు షెల్టరనే చిన్న గది, దానికి ఏసీ, దానికోసం జనరేటరు ఉండేవి. డీజిల్ ఖర్చు భరించలేక కంపెనీలు ఆరుబయటి క్యాబినెట్ల వైపు మళ్లాయి.

ఇక్కడో చిన్న లెక్క చూడాలి. పెట్టె లోపల 55 డిగ్రీలు దాటకూడదనుకుందాం. 25 డిగ్రీల గాలి లోపలికొస్తే, వేడిని మోసుకెళ్లడానికి 30 డిగ్రీల తేడా దొరుకుతుంది. 45 డిగ్రీల గాలైతే దొరికేది పదే. అంతే వేడిని బయటకు పంపాలంటే మూడు రెట్ల గాలి కావాలి. అదే ఫ్యానును మూడు రెట్ల వేగంతో తిప్పుదామంటే కరెంటు 27 రెట్లు కావాలి, ఎందుకంటే కరెంటు వాడకం వేగం ఘనం లెక్కన (3×3×3) పెరుగుతుంది. పైగా వేడెక్కిన గాలి పలచన. 25 నుంచి 45కు వెళ్లేసరికి సాంద్రత ఆరు శాతం పడిపోతుంది.

అందుకే వేగం పెంచడం మీద ఎవరూ ఎక్కువ ఆశపెట్టుకోరు. పెద్ద రెక్కలు, నిదానమైన వేగం, రెండు బాల్ బేరింగులు, వేడికి ఆరని గ్రీజు, దుమ్ము తగలకుండా బోర్డు మీద రెసిన్ పూత వాడతారు. ఫ్యాను ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. గాలి బయటకు పోయే వైపు పెడితే అది రోజంతా పెట్టెలోని వేడిలోనే తిరగాలి. లోపలికొచ్చే వైపు పెడితే దానికి కాస్త చల్లటి గాలి తగులుతుంది, సందుల్లోంచి దుమ్ము దూరడమూ తగ్గుతుంది. కానీ ముందున్న ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే ఈ లాభమంతా పోతుంది, అదీ ఎండలు ముదిరిన రోజుల్లోనే.

ఇప్పుడు ఇదే సమస్య మేడల మీదికి, సోలార్ ఇన్వర్టర్లలోకి వచ్చింది. లోపల వేడి హద్దు దాటితే చాలా ఇన్వర్టర్లు తమను తాము కాపాడుకోవడానికి ఉత్పత్తి తగ్గించేస్తాయి. కొనేటప్పుడు కిలోవాటు ధర అందరూ అడుగుతారు. లోపలి ఫ్యాను ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు పనిచేస్తుందని మాత్రం అడగరు.